రాయిలాంటి బ్రేకు

డ్రైవింగ్ మాస్టారికి ముక్కు మీదే కోపం. కానీ ఆయన బతుకుతెరువు ఆ కోపాన్ని మింగమని చెప్పే రకం. గేరు మార్చమంటే హ్యాండ్‌బ్రేకు లాగేవాళ్ళనీ, ఇండికేటరు వేయమంటే వైపర్లు తిప్పేవాళ్ళనీ పక్క సీట్లో కూర్చుని ఇరవై ఎనిమిదేళ్ళుగా "పరవాలేదు, మళ్ళీ చూద్దాం" అంటూ భరించాడు. ఆ మింగిన కోపమంతా ఇంటికి తెచ్చి కారు మీద చూపించేవాడు. కారు పాతది, నోరు లేనిది, ఏమన్నా పడేది. కానీ ఈసారి పదకొండు రోజులుగా దాన్ని వంటింటి గోడకీ ప్రహరీకీ మధ్య ఇరికించి, నాలుగు చక్రాలూ ఊడదీసి, స్టాండ్ల మీద నిలబెట్టాడంటే దానికి కారణం కోపం కాదు. భయం. ఆ సంగతి కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

జరిగింది చూడబోతే అరక్షణం వ్యవహారం. బ్యాంకులో పనిచేసే అమ్మాయి ఒకతె ఆయన దగ్గర నేర్చుకుంటోంది. ఆ రోజు ఆసుపత్రి వీధి మలుపులో ఒక ముసలాయన అట్టపెట్టెల బండి తోసుకుంటూ అడ్డం వచ్చాడు. అమ్మాయి స్టీరింగ్ పట్టుకుని కొయ్యబారిపోయింది. ఇలాంటి సమయాల కోసమే మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు పెడలు ఉంటుంది. ఒక కడ్డీతో దాన్ని అసలు పెడలుకు కలిపి ఉంచుతారు. మాస్టారు శక్తికొద్దీ తొక్కాడు. కారు ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాడు. అయినా ఆగలేదు. చివరికి ఆ అమ్మాయే తేరుకుని తన బ్రేకు తొక్కింది. బండి పైనున్న అట్టపెట్టె ఒకటి బానెట్ మీద పడింది గానీ మనిషికి గీత కూడా పడలేదు. ముసలాయన ఏడు తరాలనీ కలిపి తిట్టాడు. మాస్టారి చెవికి ఒక్క తిట్టూ ఎక్కలేదు.

"నీ తప్పేం లేదమ్మా. నా వైపు బ్రేకు పనిచేయలేదు. బాగుచేసి ఫోన్ చేస్తాను, నీ పరీక్షలోపే" అని ఆ అమ్మాయికి మాటిచ్చాడు.

ఆయన దగ్గర మిగిలిన శిష్యురాలు ఆ అమ్మాయి ఒక్కతే. మిగతావాళ్ళు కొత్త కార్లూ ఏసీలూ ఉన్న పెద్ద డ్రైవింగ్ స్కూలుకు ఒక్కొక్కరే జారుకున్నారు. ఈ అమ్మాయి కూడా వెళ్ళిపోతే గేటు మీది తన స్కూలు బోర్డు దించేయాల్సిందే. దించేశాక ఆయన ఎవరు? పొద్దున్నే లేచి ఎవరి కోసం చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి? ఈ ప్రశ్న ఆయన నోటితో అనలేదు. అనకపోయినా రోజంతా అదే ఆయన్ని తిన్నది.

మొదటి రోజే బావమరిది వచ్చాడు. భార్యకు తమ్ముడు, వృత్తి మెకానిక్కు. కారును వీధి చుట్టూ రెండుసార్లు తిప్పి తెచ్చి, తాళాలు చేతిలో పెట్టాడు.

"బావా, బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి. నీ వైపు కడ్డీ కూడా బిగుతుగానే ఉంది."

"నేను తొక్కాను. ఆగలేదు. నా కాలు అబద్ధం చెప్తుందా?"

"నీ కాలి సంగతి నాకేం తెలుసు బావా, నేను కార్లు చూసేవాణ్ణి" అని బావమరిది నవ్వాడు.

ఎప్పటిలాగా వేళాకోళానికే అన్నాడు పాపం. మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. పానా ఎలా పట్టుకోవాలో తన దగ్గరే నేర్చుకున్నాడనీ, ఇప్పుడు షెడ్డు పెట్టుకునేసరికి కళ్ళు నెత్తికెక్కాయనీ ఏకరువు పెట్టాడు. బావమరిది సగం తాగిన టీ గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. భార్య ఆ గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. తమ్ముడి తరఫున ఒక్క మాటా అనలేదు. అలా అనకపోవడమే మాస్టారికి ఇంకా ఒళ్ళు మండించింది.

ఆ పట్టుదలతో బాగుచేయడం కాదు, ఏకంగా మార్చేయాలని కూర్చున్నాడు. ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. తుక్కు కొట్టులో అదే కంపెనీ తర్వాతి మోడలు ఒకటి గుద్దుకుని పడి ఉంటే, దాని ముందు చక్రాల డిస్కులూ, వాటిని రెండు వైపులా పట్టి బిగించే కాలిపర్లూ, పెడలు తేలిగ్గా దిగేలా చేసే పెద్ద బూస్టరూ విప్పించుకొచ్చాడు. తుప్పు పట్టిన బోల్టులు కదలనని మొరాయిస్తే కిరోసిన్ పోసి, సుత్తితో తట్టి, పళ్ళ బిగువున తిప్పాడు. రెండు బోల్టులు విరిగాయి. వాటిని డ్రిల్లుతో తొలిచి తీయడానికి ఒక రోజంతా పట్టింది. ఇనప పైపుల స్థానంలో కొత్తవి వంచి అమర్చాడు. రబ్బరు గొట్టాలు కొత్తవి వేశాడు. వెనక డ్రమ్ములు శుభ్రం చేసి కొత్త లైనింగు బిగించాడు. వంటింటి కిటికీలోంచి బ్రేకు ఆయిల్ వాసన వచ్చి అన్నం కూడా అదే రుచి వస్తోందని భార్య గొణిగింది. పని మాత్రం, ఎవరైనా వచ్చి వేలు పెట్టి చూపించగలిగే లోపం లేకుండా సాగింది. ఆ చేతులు అలాంటివి.

ఐదో రోజు ఆమె బట్టలు ఆరేయడానికి బయటికి వచ్చి అరిచింది.

"ఏమండీ! మీ చెప్పు నిండా రక్తం!"

మాస్టారు కిందికి చూసుకున్నాడు. బొటనవేలు చితికి ఉంది. డ్రమ్ము ఎప్పుడో జారి పడింది కదా, అప్పుడు తగిలినట్టుంది. కానీ డ్రమ్ము జారింది గంట కిందట.

"గంట నుంచీ తెలీలేదా మీకు? కాళ్ళు జాగ్రత్త అని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడా లేదా? షుగరు ఆడుకుంటోంది మీతో. వేళకు మాత్రలు వేసుకోరు, ఒక్కరోజు నడవరు..."

"ఆ డాక్టరుకు నా కాళ్ళు తప్ప ఇంకో పని లేదా? పనిలో పడితే ఎవరికీ తెలీదు. గుడ్డ ముక్క ఇవ్వు."

కట్టు కట్టుకుంటున్నప్పుడు మాత్రం ఆయన ఒక పని చేశాడు. ఆమె లోపలికి వెళ్ళాక ఆ వేలిని గట్టిగా నొక్కి చూసుకున్నాడు. తర్వాత గిల్లాడు. తర్వాత చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, పానా అందుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. తెలుసుకోకూడదని గట్టిగా అనుకున్న మనిషికి ఎవరు ఏం చెప్పగలరు?

పదకొండో రోజు పొద్దున గాలి తీసే పని మొదలైంది. పైపుల్లో బుడగంత గాలి మిగిలినా బ్రేకు పట్టదు. దాన్ని తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి, రెండోవాళ్ళు చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న మర వదులు చేయాలి. గాలీ ఆయిలూ గొట్టంలోంచి సీసాలోకి వస్తాయి, పెడలు నేలకు దిగుతుంది. నిపుల్ బిగించాకే పెడలు వదలాలి. ముందే వదిలితే బయటి గాలిని పీల్చుకుని పని మొదటికొస్తుంది. పెళ్ళయిన ఏడాది నుంచీ తొక్కే పని భార్యదే. వాళ్ళిద్దరూ ఏ గొడవా లేకుండా మాట్లాడుకునేది ఆ కాసేపే.

"తొక్కు."

"తొక్కాను."

"పట్టుకో."

"పట్టుకున్నా."

"వదులు."

నాలుగు చక్రాలూ అయ్యాయి. సీసాలో బుడగ రావడం మానేసింది. మాస్టారు చేతులు తుడుచుకుని సీట్లో కూర్చుని ఒకసారి తొక్కి చూశాడు. దూదిమూట మీద అడుగేసినట్టు అనిపించింది. మళ్ళీ నాలుగు చక్రాలూ చేశారు. మళ్ళీ దూదిమూటే. మూడోసారి చేసేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

"నువ్వు సరిగ్గా తొక్కడం లేదు. మధ్యలో వదిలేస్తున్నావు."

"నేనా? ముప్పై ఏళ్ళ నుంచి తొక్కుతున్నా. నా కాలికి గట్టిగానే తగులుతోందండీ, బండరాయిలా ఉంది."

"నీకేం తెలుసు బ్రేకు సంగతి."

"అయితే మీరే తొక్కండి. పానా ఇటివ్వండి, నేను తిప్పుతాను."

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని వెనక చక్రం పక్కన కూర్చుంది. ఆయన సీట్లోకి ఎక్కి, నడుం సర్దుకుని, ఎదురుగా గోడ వైపు చూస్తూ కాలు పెట్టాడు. కిందికి చూడలేదు. కాళ్ళ వైపు చూడకండి, రోడ్డు వైపు చూడండి అని వేలమందికి చెప్పిన మనిషి, తనే ఎలా చూస్తాడు?

"తొక్కండి" అంది ఆమె.

తొక్కాడు. ఈసారి పెడలు రవ్వంత కూడా కదల్లేదు. ఆయన మొహం విప్పారింది. పదకొండు రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

"ఆహా! ఇదీ బ్రేకంటే! ఇప్పుడు నిజంగా రాయిలా ఉంది. చూశావా, నేను తొక్కితే ఎలా వచ్చిందో? తిప్పు, తిప్పు."

"తిప్పాను."

నిపుల్ తిప్పితే పెడలు నేలకు దిగాలి. దిగలేదు.

"తిప్పలేదు నువ్వు."

"తిప్పానండీ. ఒక్క చుక్క రావడం లేదు. తొక్కారా?"

"తొక్కాను!"

"పట్టుకున్నారా?"

"పట్టుకునే ఉన్నాను, ప్రాణం పోయేలా పట్టుకున్నాను! ఎడమకు తిప్పమంటే కుడికి తిప్పుంటావు. చిన్న పని చేతకాదు నీకు!"

పానా నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె లేచి, కారు చుట్టూ నడిచి వచ్చి, తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగింది. లోపలికి చూసింది. కాసేపు అలాగే చూస్తూ నిలబడింది. ఆమె ఏదో ఒకటి అంటే బాగుండునని ఆయనకు అనిపించింది. తిట్టినా సరే.

ఆమె గొంతుక్కూర్చుని, రెండు చేతులూ చాచి, ఆయన పాదం పట్టుకుంది. అప్పుడు చూశాడు ఆయన. పాదం పెడలు మీద లేదు. పక్కన, మ్యాటు మీద ఉంది. తొడ బిగుసుకుని, మోకాలు వణుకుతూ, తన బలమంతా కారు నేల మీద పెట్టి తొక్కుతున్నాడు.

ఆమె మడమ కింద ఒక చెయ్యీ వేళ్ళ మీద ఒక చెయ్యీ వేసి, పాదాన్ని ఎత్తి పెడలు మీద పెట్టింది. ఆ చేతులు ఆయనకు కనిపిస్తున్నాయి. వేళ్ళు ఎంత గట్టిగా నొక్కుతున్నాయో, గోళ్ళు ఎలా తెల్లబడ్డాయో కనిపిస్తోంది. తగలడం లేదు. వేరే ఎవరి కాలో పట్టుకున్నట్టుంది.

"పట్టుకున్నావా?" అని అడిగాడు.

"పట్టుకునే ఉన్నానండీ" అందామె.

మాస్టారికి ఆసుపత్రి వీధి మలుపు కళ్ళ ముందు నిలిచింది. ఆ రోజు కూడా ఇలాగే తొక్కి ఉంటాడు, నేలని. ఆ అమ్మాయి తేరుకోవడం ఇంకో క్షణం ఆలస్యమైతే అట్టపెట్టె బదులు ముసలాయనే బానెట్ మీదికి వచ్చేవాడు. సిగ్గేసింది. బావమరిది గుర్తొచ్చాడు. అన్నిటికన్నా ముందు ఏడుపొచ్చింది. ఇంత వయసు మనిషి స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే, ఆమె పాదం వదలకుండా అలాగే కూర్చుంది. వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. లేచి వెళ్ళలేదు.

తర్వాత మళ్ళీ చోట్లు మారారు. పని సగంలో వదిలేసే అలవాటు ఆయనకు లేదు. ఆమె తొక్కింది, ఆయన తిప్పాడు. చక్రాలు బిగించి కారు కిందికి దించాక ఇంజను వేసి ఆమెను మళ్ళీ తొక్కమన్నాడు.

"ఎలా ఉంది?"

"చాలా బాగుందండీ" అంది ఆమె, ఆయన వైపు చూడకుండా.

నిజంగానే బాగుంది. కొన్న రోజున కూడా ఆ కారుకు అంత మంచి బ్రేకులు లేవు. ఆయన బానెట్ మూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

"ఆ అమ్మాయికి నేను ఫోన్ చేస్తానులెండి" అంది ఆమె. "బ్రేకులు బాగుకాలేదు, ఇంక స్కూలు మూసేస్తున్నామని చెప్తాను. ఇంకేం చెప్పక్కర్లేదు."

"వద్దు. ఆ మాట మాత్రం అనకు" అని ఆయనే ఫోన్ తీశాడు.

అమ్మాయి మొదటి రింగుకే ఎత్తింది.

"మాస్టారూ! బ్రేకుల పని అయిపోయిందా? రేపు పొద్దున్నే వచ్చేయనా? వచ్చే వారమే పరీక్ష."

"బ్రేకులు బాగున్నాయమ్మా. ఆ రోజు కూడా బాగానే ఉన్నాయి. నేనే తొక్కలేదు."

"అదేంటి మాస్టారూ, మీరు తొక్కారు కదా, నేను చూశాను."

"తొక్కాననుకున్నాను. నా కాలికి స్పర్శ లేదమ్మా. ఎప్పటి నుంచి లేదో కూడా తెలీదు. ఇన్నాళ్ళూ నిన్ను ఆ పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను."

ఆ అమ్మాయి చిన్న గొంతుతో, తగ్గాక మళ్ళీ నేర్పుతారు కదా అని అడిగింది.

"ఇది తగ్గేది కాదమ్మా."

"మరి నన్నెక్కడికి వెళ్ళమంటారు?"

మాస్టారు ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, కళ్ళు చికిలించి, అందులో పెద్ద స్కూలు వాళ్ళ నంబరు వెతికాడు. ఒక్కో అంకె విడివిడిగా చదివాడు. తప్పు పోకూడదని ఆ అమ్మాయి చేత తిరిగి చెప్పించుకున్నాడు.