పెద్ద గుండ్లు, చిన్న గుండ్లు

పొద్దున్నే అత్తగారికి వేడినీళ్లు, మొగుడికి అన్నం డబ్బా, మొత్తం వంటిల్లు సర్దేసరికి ఆమెకు మిగిలేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ గిన్నెలు తోముతూ బాల్ మిల్లు గురించి ఆలోచించేది. నేలమీద పరిచే పలకలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆమెది జల్లెడ పని. పూతకు వాడే పొడిని జల్లించి, పైన ఎంత బరక మిగిలిందో తూచి చీటీ రాయాలి. లోపల గుండ్లు పోసి గిరగిరా తిప్పి, రాళ్లను ఆ పొడిగా నూరే ఆ బాల్ మిల్లుకు మేస్త్రీ ఆమె మొగుడే. నాలుగు నెలలుగా, ఎన్ని గంటలు తిప్పినా బరక తగ్గడం లేదు.

“గుండు పెద్దదైతే దెబ్బ పెద్దది. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవడానికేముంది?” అనేవాడు.

నిజమే, నిమ్మకాయంత గుండు పడితే రాయి పగులుతుంది. ఆ ముక్క ఆవగింజంత అయ్యాక? పెద్ద గుండ్ల మధ్య సందులు కూడా పెద్దవేగా, నలక వాటిలో హాయిగా దాక్కోదూ! అదే బరువుకు గోళీలంత గుండ్లు పోస్తే వేల చోట్ల ఒరుసుకుంటాయి. కానీ గోళీకి రాయిని పగలగొట్టే బలమెక్కడిది? ఆ ప్రశ్న దగ్గర ఆమెకు ఒళ్లు పులకరించింది. అయితే రెండూ కావాలి. ఎంతకెంత? జల్లెడ గదిలో మూలపడి ఉన్న బక్కెట్టంత మిల్లును తుడిచి, వారం రోజులు భోజనాల వేళ తిప్పి చూసింది. మూడోవంతు పెద్దవి, మిగతావి చిన్నవి. జల్లెడ మీద చిటికెడు కూడా మిగల్లేదు! సంతోషం పట్టలేక మొగుడికి చెప్పేసింది, పిచ్చిది.

మర్నాడు సాయంత్రం అతను వాళ్లమ్మతో అంటున్నాడు, “చిన్న గుండ్లు పోద్దామని ఓనరుకు చెప్పానమ్మా. ఎగిరి గంతేశాడు.”

“నా కొడుకు బుర్రే బుర్ర,” అందావిడ.

“మరి పెద్దవో? అవి కూడా కొన్ని...” అంటూ ఆమె గుమ్మంలోకి వచ్చింది.

“నువ్వెళ్లి కూర మాడకుండా చూడు.”

మూడోరోజు అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు. పెద్ద గుండ్లన్నీ దింపేసి మిల్లు నిండా చిన్నవే పోయించాడట. రాళ్లు రాళ్లలాగే బయటికొచ్చాయి. ఓనరు అందరి ముందూ చీవాట్లు పెట్టాడు.

“నీ మాట నమ్మితే నా పరువు గంగలో కలిసింది!” అన్నాడు. మెచ్చుకున్న రోజున బుర్ర ఆయనది, చీవాట్ల రోజున మాట ఈమెది. ఆమెకు కోపం వచ్చింది. కోపం కన్నా ముందు, ఆ పెద్ద మిల్లులో మూడోవంతు సరిపోతుందా, ఇంకాస్త కావాలా అన్న అనుమానం వచ్చింది. వెంటనే దొడ్లోకి వెళ్లి ఫోన్ చేసింది.

భోజనాల దగ్గర అతను మెత్తబడ్డాడు. “ఎంతకెంత కలపాలో కాగితం మీద రాసివ్వు. ఓనరుకు నేను చెప్పుకుంటాలే.”

“రాసివ్వవే తల్లీ. మొగుడి పరువు నీ పరువు కాదూ?” అంది అత్తగారు.

ఆమె తన కంచంలో అన్నం వడ్డించుకుని, వాళ్ల పక్కనే కూర్చుంది.

“ఓనరుతో ఇందాకే మాట్లాడాను. రేపు మిల్లు నేను నింపుతున్నా. మీరు పక్కన నిలబడి చూడండి. అర్థం కానిది అడగండి, చెప్తాను.”