కోడిపిల్ల కోపం ఎవరిది

ఆ బొమ్మల సినిమాల కంపెనీలోకి పొద్దున్నే కొత్తవాళ్ళెవరైనా అడుగుపెడితే, పిచ్చాసుపత్రికి వచ్చామనుకుని చెప్పులు కూడా వదిలేసి పారిపోవాల్సిందే. హాలు నిండా బల్లలు, బల్లకో చిన్న అద్దం, అద్దం ముందో మనిషి. ఒకాయన నాలుక బయటపెట్టి కళ్ళు గిరగిరా తిప్పుతుంటాడు. పక్కనావిడ రెండు బస్సులు ఆపుకునేంత నోరు తెరిచి నవ్వుతుంటుంది. మూలనున్నాయన బావురుమని ఏడుస్తూ, మధ్యలో ఆపి పెన్సిలు చెక్కుకుని, వదిలిన చోటునుంచి మళ్ళీ ఏడుపు అందుకుంటాడు. బొమ్మ మొహంలో ఏది కనిపించాలో ముందు తమ మొహంలో పెట్టుకుని, అద్దంలో చూసుకుంటూ గీస్తారు. పని అది.

ఆ అద్దాలు మొహాలను పట్టి ఉంచేవి. మనిషి లేచి వెళ్ళినా మొహం అందులోనే ఉండేది. నవ్వులు టీ తాగి వచ్చేలోపు పలచబడిపోయేవి. ఏడుపులు భోజనాల దాకా ఆగేవి. అందుకని లేచేటప్పుడు ఎవరి అద్దం వాళ్ళు బల్లమీద బోర్లించేవాళ్ళు, పాలమీద మూత పెట్టినట్టు. లేకపోతే దారినపోయే ప్రతివాడూ చూసి చూసి మొహం అరగ్గొట్టేస్తాడు కదా.

కోపం మొహాలన్నీ గీసే కోపాలక్క అద్దం దారే వేరు. ఆవిడ కోపం ఒకసారి అందులో పడిందంటే నెలలు గడిచినా వాడదు. ఒకదాని మీద ఒకటి పేరుకుని, అరచేతంత అద్దం కాస్తా రుబ్బురోలంత బరువెక్కింది.

"అక్కా, మొన్న లిఫ్టు ఆగిపోయినప్పటి కోపం ఒకసారి ఇవ్వవూ? నా పులి మరీ పెళ్ళికొడుకులా సిగ్గుపడుతోంది," అనేది పక్కబల్లావిడ.

"పట్టుకెళ్ళు. వేలిముద్రలు పడకుండా తెచ్చివ్వు."

ఆ కోపాల్లోంచి పుట్టిందే చిటపట. గుప్పెడంత పసుపుపచ్చ కోడిపిల్ల. వాన మీద కోపం, మెట్ల మీద కోపం, నోరు మూసుకోమన్న ప్రతి పెద్దమనిషి మీదా కోపం. అది ఈకలు నిక్కబొడుచుకుని "కీచ్!" అంటే చాలు, ఏడు సముద్రాల అవతల అలిగి పడుకున్న పిల్లలు కూడా లేచి అన్నం తినేవాళ్ళు. పిల్లలేమిటి, పెద్దవాళ్ళకైతే మరీ పిచ్చి.

కంపెనీ పెద్దాయన మాత్రం ఎక్కడ మైకు కనిపించినా ఒకే మాట చెప్పేవాడు. "ఆ కోపం నాదే. చిన్నప్పుడు మింగిన కోపమంతా ఆ పిల్లకిచ్చాను." జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నిజానికి ఆయన జన్మలో కోప్పడి ఎరగడు. ఎవరైనా కాలు తొక్కితే, నా కాలు మీకు గుచ్చుకుందా అని అడిగే రకం.

అయితే ఆయన్ని పూర్తిగా తిట్టడానికీ వీల్లేదు. సినిమాలు కొనేవాళ్ళు వచ్చి కోడిపిల్లను కాస్త నవ్వించమని కాళ్ళావేళ్ళా పడితే, "నవ్వే కోళ్ళు బజారులో బోలెడు. వెళ్ళి కొనుక్కోండి," అని తలుపు చూపించిన మనిషి ఆయనే. ఆ ఒక్కమాట కోసమే కోపాలక్క ఏళ్ళకేళ్ళు పళ్ళ బిగువున ఊరుకుంది. ఊరుకుని ఊరుకుని, చివరికి ఒకరోజు ఆయన గదిలోకి వెళ్ళి అడిగేసింది.

"సార్, ఆ కోపం నాదని ఎప్పుడు చెబుతారు?"

పెద్దాయన తల వంచుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. శుక్రవారం సభలో నిన్ను పక్కన నిలబెట్టుకుని చెబుతాను," అన్నాడు.

గురువారం మధ్యాహ్నం మీటింగులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. శ్రద్ధగా వింటున్నాడనుకుని ఆ తర్వాత కూడా చాలామంది తమ లెక్కలన్నీ ఆయనకు వినిపించారట.

కోపాలక్క ఇంటికొచ్చి తలుపు వేసిన విసురుకి వీధి చివర కిటికీలు కూడా మూసుకున్నాయి. భర్త మిషను ఆపాడు. ఆయన టైలరు.

"చచ్చిపోయినవాడి మీద కోపమేమిటే?"

"చచ్చిపోయాడు కాబట్టే! ఒక్కరోజు ఆగలేకపోయాడా? ఇప్పుడు నేనెవరితో పోట్లాడాలి?"

"నాతో పోట్లాడు. ఖాళీగానే ఉన్నాను."

"మీతోనా? మీరు రెండో మాటకే ఒప్పేసుకుంటారు!"

"అదీ నిజమేలే," అని ఒప్పేసుకుని ఆయన మళ్ళీ మిషను తొక్కాడు.

మర్నాటికి కంపెనీ గేటు ముందు అభిమానులు ఇసుక వేస్తే రాలనంతగా చేరారు. అందరి నెత్తినా పసుపు టోపీలు. పువ్వులు, కొవ్వొత్తులు, గుడ్డకోడిపిల్లలు గోడకంటే ఎత్తుగా పేరుకున్నాయి. కన్నీళ్ళు పారి పారి, రోడ్డు మీద కార్లు పడవల్లా పక్కకు కొట్టుకుపోయాయి. "నీ కోపమే మాకు ధైర్యం నాన్నా!" అని ఒక గొంతు అనగానే వెయ్యి గొంతులు అందుకున్నాయి.

ఆ మాట విన్నప్పుడల్లా కోపాలక్క చెవుల్లోంచి సెగ వచ్చేది.

పెద్దాయన అల్లుడు కొత్తగా కుర్చీ ఎక్కాడు. ఆ కుర్చీలో అతని కాళ్ళు నేలకు అందేవి కావు. నేరుగా కోపాలక్క బల్ల దగ్గరికొచ్చాడు.

"సాయంత్రం సంతాపసభలో, గేటు దగ్గర తెరమీద వెయ్యడానికి చిన్న బొమ్మ కావాలమ్మా. చిటపట మావయ్యగారి ఫొటో ముందు తల వంచుతుంది. 'నా కోపం నీదే, నీతోనే పోయింది' అంటుంది. ఆ తర్వాత ఇక ఎప్పుడూ కోప్పడదు. శాంతమూర్తి అయిపోతుంది. జనం ఏడుస్తారు."

"ఇప్పుడు నవ్వుతున్నారా?"

"అలా కాదు. కొనేవాళ్ళు కూడా ఎప్పటినుంచో నవ్వే కోడిపిల్లనే అడుగుతున్నారు. అన్నీ కలిసొస్తాయి. మీరు మొహం కాస్త ప్రశాంతంగా పెట్టి గీయండి చాలు."

కోపాలక్క అద్దం ముందు కూర్చుంది. మొహాన్ని ప్రశాంతంగా పెట్టడానికి చూసింది. నుదురు సర్దితే ముక్కు ఎగిరింది, ముక్కు అదిమితే దవడ బిగిసింది. పైగా అద్దంలో ఎన్నేళ్ళవో కోపాలు, ఇంటికొచ్చిన అప్పులవాళ్ళలా బైఠాయించి, జరగమంటే జరగలేదు. తల వంచిన కోడిపిల్లను ఒక్క గీత గీసింది. తన పిల్లను తనచేతే, ఇంకొకడి పేరుమీద పాతిపెట్టిస్తున్నారు!

కాగితం ఉండ చుట్టి, అంతెత్తున లేచి, అల్లుడి గది వైపు విసవిసా నడిచింది. ఆ ఊపులో అద్దం బోర్లించడం మరిచిపోయింది. ఆ హాలు పుట్టాక అలాంటి పొరపాటు ఎవరూ చేయలేదు.

సరిగ్గా అప్పుడే అభిమానుల తరఫున ఒకావిడను లోపలికి పంపారు, పెద్దాయన కుర్చీలో పసుపు టోపీ పెట్టి రమ్మని. ఆవిడ బస్సు కండక్టరు. కంపెనీవాళ్ళ కంటే చిటపట సినిమాలు ఆవిడకే ఎక్కువ తెలుసు. ముక్కు చీదుకుంటూ బల్లల మధ్య నడుస్తున్నదల్లా టక్కున ఆగింది.

"ఇదేంటి? ఇది చిటపట మొహం కదూ!"

పక్కబల్లావిడ తలెత్తకుండానే అంది. "అది కోపాలక్క మొహమండీ. చిటపట అందులోంచే వస్తుంది."

కండక్టరమ్మ వంగి చూసింది. ఆ నుదుటి మడత, ఆ ఒక కన్ను చిన్నది కావడం, కీచ్ అనే ముందు పై పెదవి వణకడం. నిద్రలో లేపి అడిగినా పోల్చగలదు. పూటుగా తాగి బస్సెక్కి చెయ్యి పట్టుకున్నవాణ్ణి నడిరోడ్డు మీద దింపేసిన రోజు, తన మొహం మీదికి వచ్చింది ఆ మొహమే.

ఏడుపు ఆగిపోయింది. అల్లుడి గదిలోంచి కేకలు వినిపిస్తుంటే సరాసరి వెళ్ళి తలుపు తోసింది.

"మీరేనా అమ్మా?"

"నేనే," అంది కోపాలక్క.

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నారు? మాకు అరవడం నేర్పి మీరు ఊరుకుంటారా? సిగ్గులేదూ?"

అల్లుడి మీద ఒంటికాలి మీద లేస్తున్న కోపాలక్క ఆ దెబ్బకు రెండోకాలు కూడా నేలకు దించేసింది. ఇంతవరకూ ఆవిడ మీద ఆవిడకంటే ఎక్కువ కోప్పడ్డవాళ్ళు లేరు మరి.

కండక్టరమ్మ వెనక్కొచ్చి, రుబ్బురోలంత అద్దాన్ని టిక్కెట్ల సంచీలా చంకన పెట్టుకుని గేటు దాటింది. "చూడండి! మనం ఎవరికోసం ఏడవాలో ముందు చూసి ఏడవండి!" అని ముందున్నాయన చేతికిచ్చింది.

అద్దం చేతులు మారుతూ పోయింది. చూసినవాళ్ళు చూసినట్టే ఏడుపు మానేశారు. ప్రతి మొహం మీదికీ ఒక కోపం దిగింది. ఒకరికి లిఫ్టు కోపం, ఒకరికి తడిసిన కాగితాల కోపం, ఒకరికి మైకుల ముందు ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ మింగిన కోపం. రోడ్డు చివరిదాకా కన్నీళ్ళు సలసలా మరిగి ఆవిరైపోయాయి. కార్లు మళ్ళీ నేలకు ఆనాయి.

అల్లుడు మైకు పట్టుకుని, "మన చిటపట ఇక ప్రశాంతంగా..." అన్నాడు. వేలమంది ఒకే మొహంతో అతనికేసి చూశారు. మిగతా మాట నోట్లోనే కరిగిపోయింది. మైకు కోపాలక్క చేతిలో పెట్టి వెనక్కి జరిగాడు.

ఆవిడ జనం వైపు తిరగలేదు. పువ్వుల మధ్య చిరునవ్వు నవ్వుతున్న ఫొటో వైపు తిరిగింది.

"శుక్రవారం చెబుతానన్నారు. గురువారం పోయారు. ఇదేం పద్ధతి సార్? నా కోడిపిల్లను నవ్వించకుండా కాపాడింది మీరు. నా నోరు నొక్కింది కూడా మీరే. ఇప్పుడు నేను మిమ్మల్ని తిట్టుకోవాలా, మీకోసం ఏడవాలా? ఏదో ఒకటి తేల్చకుండా పోవడానికి మీకెవరిచ్చారు సెలవు?"

తర్వాత కండక్టరమ్మ తల పైకెత్తి "కీచ్!" అంది. వెనకాలే వీధి మొత్తం అందుకుంది. ఆ అరుపుకు ఊళ్ళో గడియారాలన్నీ ఆగిపోయాయి. పెద్దాయనకు జరిగిన అసలు సంతాపం అదే. తల వంచిన కోడిపిల్లను ఎవరూ మళ్ళీ అడగలేదు.

పొద్దు వాలుతుండగా అద్దం చేతులు తిరిగి తిరిగి కోపాలక్క దగ్గరికి చేరింది. తమలపాకంత తేలిగ్గా ఉంది. ఆవిడ తన బల్ల దగ్గర కూర్చుని అందులోకి చూసింది. పాత మొహం ఒక్కటీ లేదు. ఎవరో నెరిసిన జుట్టావిడ, కళ్ళకింద చారలతో, ఎదురుగా కూర్చుని తనకేసే చూస్తోంది.

"ఓసినీ, నా జుట్టు ఎప్పుడు నెరిసింది?" అంది కోపాలక్క. "ఒక్కళ్ళైనా చెప్పి చావలేదేం?"

పక్కబల్లావిడ పెన్సిలు కింద పెట్టింది. "నీకు చెప్పే ధైర్యం ఎవరికుందక్కా!"

కోపాలక్కకు ఒళ్ళు మండింది. ఇది ఎక్కడా వాడని సరికొత్త కోపం. ఆరిపోకముందే తెల్లకాగితం ముందుకు లాక్కుని, నెరిసిన ఈకల పెద్దకోడి ఒకదాన్ని గీయడం మొదలుపెట్టింది.