వాన్జుగు ఎడమ కన్ను

కంటి వైద్యం చదవడానికి నైరోబీ వెళ్లేనాటికి న్యవీరా చేతిలో ఉన్న పెట్టుబడి పెద్దదేమీ కాదు. న్యేరి కొండవాలు ఆసుపత్రిలో నర్సుగా చేసి నేర్చుకున్న ఓపిక, మూడేళ్ల కూతురు, భర్త గిచూకి షరతుల మీద ఇచ్చిన అనుమతి. శుక్రవారం సాయంత్రానికల్లా ఇల్లు చేరాలి. వారానికి సరిపడా బట్టలు ఉతకాలి, ఆవులకు గడ్డి కోసి పడేయాలి, మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు కలిపి కుండెడు ఉడకబెట్టి మరీ మళ్లీ బస్సెక్కాలి. "నేను చదివిస్తున్నా మా ఆవిడని," అని గిచూకి టీ ఆకు తూకం దగ్గర నలుగురికీ చెప్పుకునేవాడు. పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది ఆమె. ఒకరి సరుకు మీద ఇంకొకరు ముద్ర వేసుకోవడం ఏ సంతలోనైనా ఉన్నదేలే అని ఆమె ఊరుకుంది.

కూతుర్ని గిచూకి "అమ్మా" అని పిలిచేవాడు. ముద్దుకు కాదు. వాళ్ల ఆచారం ప్రకారం మొదటి ఆడపిల్లకు తన తల్లి వాన్జుగు పేరు పెట్టాక ఆ పిల్ల అతనికి తల్లే, తల్లే మళ్లీ పుట్టినట్టే. పిల్లకు రెండో ఏడు దాటాక ఎడమ కన్ను ముక్కు వైపు వాలడం మొదలైంది, అచ్చం నాయనమ్మ కన్నులాగే. ఇల్లంతా పండగ. మేకను కోశారు. "పేరుతో పాటు కన్నూ తెచ్చుకుందిరా! ఒక చూపు పొలం మీద, ఇంకో చూపు సొంత ముక్కు మీద. ఇక దొంగలెక్కడి నుంచి వస్తారు?" అని మరిది అంటే అందరూ నవ్వారు. న్యవీరా కూడా నవ్వింది. పెళ్లయినప్పటి నుంచీ ఆ ఇంట్లో తనకు కాస్త విలువ తెచ్చింది ఆ కన్నొక్కటే మరి.

కాలేజీలో మొరా మేడం పాఠం చెప్పేది కాదు. పిల్లల్ని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టేది. "పుస్తకాలు మూయండి. ఈ బిడ్డని చదవండి." మెల్లకన్నని తల్లి భయపడి తెచ్చిన ఒక చంటిపిల్లకు మెల్లే లేదు. టార్చి వేస్తే వెలుగు చుక్క రెండు నల్లగుడ్ల మీదా ఒకే చోట నిలిచింది. "ముక్కు దూలం వెడల్పు, అంతే. పెరిగితే సర్దుకుంటుంది. ఈ తల్లికి టీ ఇచ్చి పంపండి," అంది మేడం. ఇంకో పిల్లకు మెల్లతో పాటు కనుపాప తెల్లగా మెరిసింది. "పిల్లి కన్నులా ఉందని ముచ్చటపడ్డాం మేడం," అంది తల్లి. ఆ పిల్లకు కన్ను తీసేయాల్సి వచ్చింది. లోపల గడ్డ. మెల్ల కనబడితే ముందు కంటి లోపల చూడాలని ఆ రోజు ఎవరికీ వేరే చెప్పనక్కర్లేకపోయింది.

తర్వాత వచ్చినవాడు గడుగ్గాయి. మేడం వాలిన కన్ను మూస్తే బొమ్మ కారుతో ఆడుకుంటూనే ఉన్నాడు. తిన్నని కన్ను మూయగానే అరిచి ఆమె వేలు కొరికాడు.

"చెప్పండి. జబ్బు ఏ కంటికి?"

"మూసిన కంటికే మేడం. అందుకేగా ఏడ్చాడు?" అన్నాడొక కుర్రాడు.

"కాదు నాయనా, తెరిచి ఉన్నదానికి. వీడికి ఉన్నది ఒక్క కన్ను. అదీ మనం లాక్కున్నాం. వాలిన కంటి మాట మెదడు వినడం మానేసింది. ఇప్పుడే అద్దాలు పెట్టి, మంచి కన్ను మూసి, ఆ సోమరి కంటికి పని చెబితే దారికొస్తుంది. బడికెళ్లే వయసు దాటాక దేవుడొచ్చినా రాదు."

మేకను కోసిన నాడు నవ్విన న్యవీరా ఇప్పుడు నవ్వలేకపోయింది.

శనివారం పొద్దున పిల్ల నాయనమ్మతో కూర్చుని చేటలో చిక్కుడు గింజలు ఏరుతోంది. న్యవీరా అరచేత్తో ఎడమ కన్ను మూసింది. పిల్ల ఏరుతూనే ఉంది. కుడి కన్ను మూసింది. పిల్ల చేతులు గాలిలో ఆగిపోయాయి. తర్వాత కెవ్వుమంది. చేట తిరగబడింది.

"ఏం చేశావే నా తల్లిని?" గిచూకి పెరట్లోంచి వచ్చాడు.

ఆమె చెప్పింది. ముందు పెద్ద డాక్టరు కంటి లోపల చూడాలి, తర్వాత అద్దాలు, తర్వాత మంచి కంటికి రోజూ కాసేపు పట్టీ.

"మంచి కన్ను మూస్తావా? ఇదా నీ చదువు? మా అమ్మ బతికుండగా ఆమె కంటికి గుడ్డ కడతావా? శవానికి కడతారే అది! ఆ కన్ను ఈ వంశానిది. నీ పుట్టింటి నుంచి తెచ్చింది కాదు, నీ ఇష్టమొచ్చినట్టు బాగు చేయించడానికి."

అతను వెళ్లాక ముసలి వాన్జుగు గింజలు ఏరుకుంటూ అంది: "నాకూ మూసి చూడవే."

న్యవీరా ఆమె కుడి కన్ను మూసింది. "ఎదురుగా ఏముందత్తయ్యా?"

"పొద్దు వెలుగు ఉంది. ఇంకేమీ లేదు." ముసలామె ఆమె చేతిని పక్కకు తీసింది. "ఎప్పుడూ లేదు. మీ మామ ఈ కన్ను చూసే ముచ్చటపడ్డాడు. ఇది చూడదని తెలిస్తే నాకు ఓలిగా ఇచ్చిన మేకలన్నీ వెనక్కి తోలుకుపోయేవాళ్లు. టీ కప్పులో కాక పక్కన పోస్తే పొగరన్నారు. కొమ్మ గీరుకుంటే ఎవడి మీద ధ్యాస అన్నారు. పడ్డాను."

"మరి మీ అబ్బాయికి చెప్పండత్తయ్యా. మీరు చెబితే వింటారు."

"చెప్పను." ఆ మాట చాలా మెల్లగా వచ్చింది. "ఈ కన్ను చూసేగా నన్ను అమ్మా అంటారంతా. గుడ్డిదని తేలితే నాకేం మిగులుతుంది? నేను పోయేదాకా ఆగవే. తర్వాత నీ ఇష్టం."

న్యవీరాకు కోపం రాలేదు. ఆ ముసలామె ఒక్క సరుకుతో బతుకంతా దుకాణం నడిపింది. అది నకిలీదని ఇప్పుడు చాటమంటే ఎలా? కానీ ఆమె ఆగమన్న కాలం న్యవీరాది కాదు అప్పివ్వడానికి. పిల్లది. నాయనమ్మ గట్టిమనిషి. ఆమె పోయేసరికి మనవరాలు పెళ్లీడుకొస్తుంది. అప్పుడు ఎవడో ఒకడు ఆ కన్ను చూసి ముచ్చటపడతాడు. టీ కప్పు పక్కన పోసినప్పుడు పొగరంటాడు.

సోమవారం ఆమె పిల్లను చంకనేసుకుని బస్సెక్కింది. గడప దగ్గర గిచూకి అన్నాడు, "ఆ కంటికి గుడ్డ కడితే అది నా తల్లి కాదు. నువ్వూ నా ఇంటిదానివి కాదు. ఆలోచించుకో." ఈసారి కుండ ఖాళీగా ఉంది, శుక్రవారం దాకా ఎవరు వండుతారని కూడా అడిగాడు.

మొరా మేడం పిల్ల కంట్లోకి చాలాసేపు చూసింది. "లోపల శుభ్రంగా ఉంది. ఎవరి బిడ్డ?"

"నా బిడ్డే మేడం."

మేడం పిల్ల చూపు కొలిచింది. అద్దాల చీటీ రాసి ఇచ్చింది.

అద్దాలతో కన్ను చాలావరకు తిన్నగా నిలిచింది. పట్టీ మాత్రం నరకం. పిల్ల గోడలకు గుద్దుకునేది, తల్లిని కొట్టేది. పక్క గదివాళ్లు బిడ్డను హింసిస్తోందన్నారు. గిచూకి అన్నమాట ప్రకారం తన తల్లి పేరు వెనక్కి తీసుకున్నాడు. ఫోన్లో పిల్ల "నాన్నా" అంటే, "ఎవరు?" అన్నాడు. ఆ ఏడాది టీ ఆకు కోతల్లో ఇంకొక స్త్రీ ఆ వంటింట్లోకి వచ్చిందని కబురు అందింది.

వానలు వెళ్లాక ఒకరోజు మేడం పిల్ల కుడి కన్ను మూసింది. పిల్ల ఏడవలేదు. కాసేపు చూసి, "నీ చెవికి పోగు ఉంది," అంది.

ఆ వారమే ముసలి వాన్జుగు ఎవరి ఫోన్నో అడిగి తీసుకుని చేసింది. "కనబడుతోందా దానికి?"

"కనబడుతోందత్తయ్యా."

ముసలామె గొంతు తగ్గించింది. "ఎలా ఉంటుందటే, రెండు కళ్లతో?"

ఫోన్ పెట్టేశాక న్యవీరా కూర్చుని లెక్క చూసుకుంది. ఇల్లు పోయింది, మొగుడు పోయాడు, పిల్లకు పేరు కూడా పోయింది. ఇద్దరు వాన్జుగులకు కలిపి నాలుగు కళ్లు ఉండేవి, వాటిలో రెండే చూసేవి. ఇప్పుడు మూడు చూస్తున్నాయి. వచ్చిన లాభం అదొక్కటే. ముసలామె దగ్గరున్న ఆ నాలుగోదాన్ని ఏ పద్దులో వేయాలో మాత్రం ఆమెకు ఎంతకీ తేలలేదు.