గున్నమ్మ చేటలో రోకలిబండలు

నేను ఒక గాజు సీసాను. ఇసక కరిగిన కొలిమిలో పుట్టాను. మొదట చిల్లర కొట్టులో జీళ్ళు మోశాను. మూత సొట్టపడ్డాక గున్నమ్మ చేతికొచ్చాను. ఆమె నాలో కందిపప్పు పోసి, పైన ఎండిన వేపరెబ్బ వేసి, మూత బిగించేది. ఏళ్ళ తరబడి నేను ఒక్క పురుగును లోపలికి రానిచ్చింది లేదు. అదే నా పరువు.

అలాంటి నాకు ఓ వానాకాలం పొద్దున గుండె ఆగినంత పనైంది.

గున్నమ్మ మొగుడు తవిటయ్య జీడిచెట్టు మీంచి పడి, తుంటి విరిగి మంచాన ఉన్నాడు. తోటల్లో తిరిగిన మనిషి. మాట మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. వానకి గుమ్మం దాటి వచ్చే చిన్న రోకలిబండ పురుగుల్ని మాత్రం రెప్ప వెయ్యకుండా చూసేవాడు. గున్నమ్మ అది కనిపెట్టింది. పప్పు డబ్బాలోకి ఒంపేసి, నా మూతకి మేకుతో తూట్లు కొట్టింది. జీడితోట మట్టి, కుళ్ళిన ఆకులు, పుచ్చిన పుల్లలు నింపింది. చీపురుపుల్లతో ఒక్కొక్క రోకలిబండనే ఎత్తి లోపల వేసింది.

పురుగులు! నాలో!

మనుషుల తీరు నాకు అంతుపట్టదు. పప్పులో కనిపిస్తే నలిపేసే చేతులే నీళ్ళు చిలకరించి మరీ సాకాయి.

నన్ను మంచం పక్కన పెట్టించుకున్నాడు తవిటయ్య. కాసేపు చూసి, "ఓలె, ఆ కాళ్ళు సూడు. నడుస్తుంటే సీర కుచ్చిళ్ళు కదిలినట్టు నేదూ!" అన్నాడు. ఎన్నాళ్ళకో నోరు విప్పాడు.

"నా కుచ్చిళ్ళు ఎప్పుడైనా సూసినావేటి, పురుగుల్తో పోల్సడానికి?" అంది గున్నమ్మ. అంటూనే కళ్ళు తుడుచుకుంది.

తరవాతొక నాడు అవన్నీ మట్టిలోకి దిగిపోయాయి. మళ్ళీ పైకి రాలేదు. తవిటయ్య వెతుకుతుంటే ఆకుల మధ్య వేపరెబ్బ కనిపించింది.

"సంపేసినావే!"

"సీసా మూత తీస్తే వేపాకేసే సెయ్యి మావా ఇది. నానెయ్యనేదు, అదే ఏసేసింది."

అతను గోడవైపు తిరిగిపోయాడు. అన్నం ముట్టలేదు.

ఆమె తట్టుకోలేకపోయింది. మిగిలినవాటినైనా కాపాడదామని నన్ను చేటలో బోర్లించి, పప్పు చెరిగినట్టే చెరిగింది. చిన్న చిన్న మట్టిగూళ్ళు చిట్లాయి. లోపల తెల్లగా, మెత్తగా, చుట్టలు చుట్టుకుని, కదలకుండా రోకలిబండలు. చచ్చినవే అనుకుని ఏరి వాకిట్లోకి విసిరింది. కోడిపెట్ట పరిగెత్తుకొచ్చింది.

దాని ముక్కున ఉన్నదానికి కాళ్ళు ఆడాయి.

గున్నమ్మ చేట దించి ఉరికింది. అదిలించేలోగా పెట్ట అన్నీ మింగేసింది. పాము కుబుసం విడిచినట్టు పాత తొడుగు విడుద్దామని మట్టిలో దాక్కున్న ప్రాణాలవి.

"బతికున్నయ్యే మావా... నానే..." అంది.

చెరిగే చప్పుడుకి ఇటు తిరిగిన తవిటయ్య మంచం మీంచి అంతా చూశాడు. "నాను గోడకేసి తిరక్కపోతే నువ్వు సేట ఎత్తేదానివి కాదు" అన్నాడు.

కడుగుదామని నన్ను ఎత్తింది గున్నమ్మ. నీళ్ళ చెంబు వంచబోయి ఆగిపోయింది. నా అడుగున తడిమట్టితో కరుచుకుని ఒక గూడు మిగిలింది. గాజులోంచి తెల్లని చుట్ట కనిపిస్తోంది. పురుగును రానివ్వని పరువు నాది. ఆ ఒక్కదాన్ని మాత్రం నేను వదల్లేదు.

చేటలో మట్టిని మెల్లగా మళ్ళీ నాలో పోసింది. ఇద్దరూ ఎదురుచూశారు. ఓ సాయంత్రం అది నల్లగా నిగనిగలాడుతూ పైకొచ్చింది.

ఇప్పటికీ గున్నమ్మ నా మూత తీసేముందు తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంటుంది.