వలదారం

ఆటోనగర్‌లో ఆ టీ బడ్డీ దగ్గర మేం ఆగకుండా ఉంటే బాగుండేది. మిషన్ చూడ్డానికి వెళ్తుంటే మా చిన్నది శ్రీసత్య నిద్ర లేచి ఏడుపు ఎత్తుకుంది. పాలు పట్టించడానికి ఆగాం. నాకు టీ అందించినతని కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప ఏమీ లేవు. ఆ రెంటితోనే గ్లాసు పట్టుకుని, చుక్క ఒలకకుండా ఇచ్చాడు.

నా చూపు అతనికి అలవాటైనదే కాబోలు. "లేత్ మిషన్ తినేసింది తల్లీ" అన్నాడు. అదే గొంతుతో "పంచదార సరిపోయిందా?" అన్నాడు.

నేను ఆ టీ తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాను. మా ఆయన గోపి మాత్రం రెండు గుటకల్లో తాగేసి, "బేగి పద, కోటి ఎదురు సూత్తంటాడు" అన్నాడు.

గోపిది టర్నర్ పని. ఇనప కడ్డీనో ఇత్తడి ముక్కనో లేత్ మిషన్‌కి బిగించి గిరగిరా తిప్పుతూ, పక్కనుంచి టూలు ఆనించి, కావలసిన కొలతకి చెక్కుతాడు. పెళ్లికి ముందు నుంచీ ఎవరిదో షెడ్డులో చేస్తున్నాడు. ఇప్పుడు సొంతంగా చిన్న మిషన్ కొని మా గాజువాక ఇంటి పక్కనున్న రేకుల పాకలో పెట్టుకుంటానంటాడు. ఈ ఆలోచన బుర్రకెక్కించింది మా నాన్నే. మా నాన్న దాలయ్యది యారాడ, బోటు మీద వేటకెళ్తాడు. బోటు పంకా తిరిగే కడ్డీకి చుట్టూ ఇత్తడి బుష్షు ఉంటుంది. ఉప్పునీళ్లకీ ఇసక్కీ అది అరిగిపోతూనే ఉంటుంది. మా ఊరి బోట్లన్నిటికీ బుష్షులు నువ్వే చేసిపెట్టొచ్చు కదా అల్లుడా అని మా నాన్న అన్నాడు. అంతే, ఈయన ఎగిరి గంతేశాడు.

నాకు మాత్రం ఆ రోజునుంచీ నిద్ర లేదు. ఎక్కడో షెడ్డులో పని చేస్తుంటే నాకు కనబడదు. సాయంత్రం ఇంటికొస్తాడు, నేను ముందు చేతులు చూస్తాను, వేళ్లన్నీ ఉంటాయి, అన్నం పెడతాను. ఇక అదంతా గోడ అవతలే జరుగుతుంది కదా అని నా భయం.

కోటి పాత మిషన్లు అమ్ముతాడు. అతని షెడ్డులో రెండు చిన్నవున్నాయి. ఒకటి పచ్చరంగు వేసి కొత్తపెళ్లికూతురిలా ఉంది. రెండోది బూడిదరంగుది, ఒళ్లంతా నూనె, జిడ్డు.

"రా బావా! సెల్లెమ్మని కూడా తెచ్చావేటి? మంచిదే. సెల్లెమ్మా, నువ్వే సెప్పు, ఏది బాగున్నాది?" అన్నాడు కోటి.

"పచ్చది."

"అద్గదీ! ఇంటిది సెప్పేసింది. ఇంకేటి బావా, బండికెత్తించీమంటావా?"

గోపి నవ్వేసి, బూడిదరంగు మిషన్ దగ్గర గొంతుక్కూర్చుని, టూలు అటూ ఇటూ జరిగే ఇనప పట్టాల మీద గోరు పెట్టి ఈ చివరనుంచి ఆ చివరిదాకా లాగాడు.

"ఏటి సూత్తన్నావ్ మావా?" అన్నాను.

"పనంతా చక్ దగ్గిరే జరుగుతాది కదా. అరిగితే అక్కడే అరుగుతాది. గోరుకి మెట్టులాగ తగుల్తాది. దీనికి నేదు."

చక్ అంటే ముక్కని మూడు పళ్లతో కరిచి పట్టుకుని తిప్పే గుండ్రటి తల. దాన్ని రెండు చేతులా పట్టుకుని పైకీ కిందకీ ఊపి చెవి పెట్టి విన్నాడు. చిన్న పిల్లల గుండె వినే డాక్టరులా. తరవాత పచ్చదాని దగ్గరికెళ్లి గోరు లాగితే, మధ్యలో టక్కుమని ఆగింది.

"రంగు కింద మెట్టున్నాది కోటీ."

"అది పెద్ద లెక్కేటి బావా? ఇది గేరు మిషను! అదేమో బెల్టుది, మా తాతల నాటిది. గేరుకున్న బలం బెల్టుకెక్కడిది?"

"బలం నాకెందుకురా, నాను సేసేవి సిన్న బుష్షులు. ఏదైనా బిగుసుకుపోతే బెల్టు జారిపోయి అరుత్తాది. గేరు అరవదు. ఇరగ్గొట్టీసి ఊరుకుంటాది."

నాకు ఆ ఆఖరి మాట తప్ప ఏమీ వినబడలేదు.

బూడిదరంగు మిషన్ నుదుటిమీద ఏళ్లతరబడి బొట్టు మీద బొట్టు పెట్టి కుంకం అట్టకట్టి ఉంది. ఎండిన నెత్తురులాగే ఉంది. నేను ఉండబట్టలేక అడిగాను. "అన్నా, ఇది ఎవులిది? ఎందుకమ్మేసినాడు?"

కోటి మెడ గోక్కున్నాడు. "కంచరపాలెం ముసలాయనిదమ్మా. సేతులు వణుకుతన్నాయని పని మానీసినాడు."

"నిజం సెప్పన్నా. మనిసిని కరిసిందా ఇది?"

"కరవడానికి కుక్కేటమ్మా!" అని కోటి పడీ పడీ నవ్వాడు. గోపి సిగ్గుపడి నా వైపు చూడకుండా చక్ తుడుస్తున్నాడు. నాకు మాత్రం చేతులు అన్నమాట దగ్గరే ప్రాణం ఆగింది. వణుకుతున్నాయో, అసలు లేవో, ఎవరు చూశారు?

బూడిదరంగుదే మా ఇంటికొచ్చింది. మా అత్త కొబ్బరికాయ కొట్టింది. పాక గుమ్మానికి గోపి అడ్డంగా చెక్క బిగించాడు, చిన్నది లోపలికి పాకకుండా. తరవాత నన్ను పిలిచాడు.

"సాయీ, కొంగు దోపుకునిరా. ఇది నేర్సుకో. పచ్చ బటను తిరగడానికి. ఎర్రది ఆగడానికి. నాకేదైనా అయితే నన్ను లాగొద్దు. ముట్టుకోవద్దు. ఎర్రది నొక్కు. అంతే."

"మొదటిరోజే ఏదైనా అయితే అంటావేటి మావా!"

"కళ్లు మూసుకుని నొక్కు. ఊఁ. మళ్లీ నొక్కు. నీ సెయ్యి దానంతటదే ఎల్లాల."

నొక్కాను. ఆయన చాలన్నాక కూడా ఒకసారి నొక్కాను.

మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. కొత్త బోటు సముద్రంలో దిగే ముందు, ఇంటి ఆడది అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చిన నల్లదారం బోటు ముక్కుకి ఒకటి, బోటెక్కే మనిషి చేతికి ఒకటి కడుతుంది. మా అమ్మ ఇప్పటికీ మా నాన్నకి కడుతుంది. ఈ మిషనూ నాకు సముద్రంలాగే కనబడింది. అందుకని దాని కాలికొకటి కట్టి, గోపి చేతికొకటి కట్టాను. ఆయన మణికట్టు వైపు చూసుకుని ఏదో అనబోయాడు. నా మొహం చూశాడు. "సరేలే" అన్నాడు.

సాయంత్రానికి చెయ్యి బోసిగా ఉంది.

"దారమేది?"

"తెగిపోనాది."

ఇంకోటి కట్టాను. అదీ తెగిపోయిందన్నాడు. ఇంకోటీ అంతే. చేతికి కట్టిన రక్ష ఒకసారి తెగితేనే మనసు కీడు శంకిస్తుంది, రోజూ తెగితే ఏమనుకోవాలి? మా అత్తకి చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ, "దారం ఊరికినే తెగదే. ఏదో పట్టుకుని పీకుతన్నాది" అనేసి, ఆ వెంటనే కూరలో బెల్లం వెయ్యాలా వద్దా అని అడిగింది. ఆవిడ మరిచిపోయింది. నేను మరిచిపోలేదు. గోడ అవతల బెల్టు మూలుగు వినబడినప్పుడల్లా, అది ఒక్కో దారం తెంపుకుంటూ చేతి దాకా వస్తున్నట్టే అనిపించేది.

చిన్నదాన్ని చంకనేసుకుని యారాడ బస్సెక్కాను. మా నాన్న ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"అయ్యా, వలదారం కొంచెం ఇయ్యి."

"ఏటికే?"

"మావకి."

"మావని పడతావేటే వలేసి? ఆడు పెళ్లినాడే పడ్డాడు కదే!"

నాకు నవ్వు రాలేదు. "ఇది తెగుతాదా అయ్యా?"

"తెగడమా! సొరచేప తన్నినా తెగదు" అని, నల్లటి నైలాన్ దారం మూరెడు కోసిచ్చాడు. దేనికని మళ్లీ అడగలేదు. అమ్మవారి దగ్గర పెట్టి తెచ్చుకున్నాను.

ఎనిమిదో తరగతిలో బడి మానిపించి నన్ను మా అమ్మ పక్కన వల అల్లడానికి కూర్చోబెట్టారు. చదువు సగంలో పోయింది గాని వలముడి మాత్రం నా వేళ్లకి అంటుకుపోయింది. లాగినకొద్దీ బిగుసుకునే ముడి అది. ఆ ముడే గోపి చేతికి వేశాను. కొస కత్తిరించలేదు. రక్షకి కత్తెర తగలకూడదని మా అమ్మ అనేది.

"ఓలె, ఇదేటే ఇంత గట్టిగున్నాది? వలదారమా?"

"ఆఁ. ఇదీ తెగిందంటే ఆ మిషన్ అమ్మేద్దాం. నా మీద ఒట్టు."

ఒట్టనగానే గోపి మొహం వాడిపోయింది. ముడి గోటితో పీకి చూశాడు, రాలేదు. "మిషన్ దగ్గిర దారాలూ అవీ..." అని మొదలుపెట్టాడు. అప్పటికే నా కళ్లల్లో నీళ్లు. "సరేలే, ఉండనీ" అని దాన్ని మోచేతి వైపు పైకి తోసుకున్నాడు.

ఆ సాయంత్రం దారం చేతికే ఉంది. మర్నాడూ ఉంది. చాలా రోజుల తరవాత నేను అన్నం రుచి తెలిసి తిన్నాను.

మా నాన్న అరిగిపోయిన బుష్షు పట్టుకుని వచ్చింది ఆ వారంలోనే. బోటు ఒడ్డుకెక్కించేసి వచ్చాడు. ఇది అయితేగాని వేటలేదు. గోపి పొద్దున్నే మొదలుపెట్టాడు. ఇత్తడి పొట్టు బంగారపు రవ్వలా రాలుతోంది. మా నాన్న అరుగుమీద బీడీ కాల్చుకుంటున్నాడు. పదకొండు గంటలవేళ నేను చిన్నదాన్ని చంకలో పెట్టుకుని, రెండోచేత్తో టీ గ్లాసు పట్టుకుని చెక్క దగ్గర నిలబడ్డాను. మిషన్ ఆగేదాకా లోపలికి అడుగు పెట్టొద్దని గోపి ముందే చెప్పాడు.

చెక్కడం అయిపోయింది. తిరుగుతున్న బుష్షుకి గరుకు కాగితంలాంటి ఎమరీ గుడ్డ ఆనించి నునుపు చేస్తున్నాడు. చేతులు చక్‌కి దగ్గరగా ఉన్నాయి. చెమటకి ఆ దారం మోచేతినుంచి జారి మణికట్టు మీదికొచ్చింది. నేను వదిలేసిన కొస గాలికి ఊగుతోంది.

చూశాను. మావా అని పిలుద్దామనుకున్నాను. నోరు తెరిచేలోపే ఆ కొస చక్ పంటికి తగిలింది. బోటు పంకాకి వల చుట్టుకున్నట్టు చుట్టేసుకుంది.

గోపి అరవలేదు. అరిచింది బెల్టు. కీచుమని, చెవులు చిల్లులు పడేలా. రబ్బరు కాలిన వాసన. గోపి ఎడమచేత్తో మిషన్ని తన్నిపట్టి, కుడిచేతిని వెనక్కి గుంజుకుంటున్నాడు, చెయ్యి రావడంలేదు, తల చక్ మీదికి వంగిపోతోంది.

గ్లాసు పడింది. చిన్నదాన్ని ఎప్పుడు దించానో తెలీదు. చెక్క దాటాను. నా చెయ్యి ఆయన చొక్కా మీదికే వెళ్లింది. నాకు తెలిసింది అదే. వలైనా, తాడైనా, నీళ్లల్లో పడ్డ మనిషైనా లాగడమే పుట్టినప్పటినుంచీ చూశాను. చొక్కా వేళ్లకి తగిలింది కూడా. నన్ను లాగొద్దు అన్నమాట అప్పుడు గుర్తుకొచ్చిందో, లేకపోతే చెయ్యే దానంతటదే తిరిగిందో, ఇప్పటికీ చెప్పలేను. ఎర్రది నొక్కాను. నొక్కి పట్టుకునే ఉన్నాను.

బెల్టు ఏడుపు సన్నగిల్లి ఆగిపోయింది.

"ఎనక్కి తిప్పు... సేత్తో... చక్ ఎనక్కి తిప్పు" అన్నాడు గోపి, పళ్ల బిగువున. తిప్పాను. మా నాన్న పరిగెత్తుకొచ్చాడు, మొలలో ఉండే వలకత్తి నా చేతికిచ్చాడు. ముడి విప్పుదామని చూస్తే మాంసంలోకి దిగిపోయింది. కత్తి మొన దారం కిందికి దూర్చి కోశాను. మణికట్టు చుట్టూ నెత్తురు గీత. వేళ్లు నేరేడు పళ్ల రంగులో ఉన్నాయి.

"కదుపు మావా. కదుపు."

బొటనవేలు కదిలింది. చూపుడువేలు కదిలింది. మిగతా మూడూ ఆలస్యంగా, నిద్రలేచినట్టు కదిలాయి. నేను ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాను. చెక్క అవతల చిన్నది గుక్కపట్టి ఏడుస్తోంది.

మా నాన్న చక్‌నుంచి దారం ముక్క తీసి వెలుగులో చూశాడు. "ముడి నువ్వేసిందేనా?"

"ఆఁ."

"గట్టిగేసావు" అన్నాడు. నవ్వలేదు.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వస్తూ ఆటోలో చెప్పాడు గోపి. "నూలు దారాలు తెగనేదే. నానే విప్పీసేవోణ్ని. తిరిగే మిషన్ కాడ సేతికి దారం గాని ఉంగరం గాని ఉండకూడదు."

"ఆ ముక్క సెప్పొచ్చు కదా! తెగిపోనాది, తెగిపోనాది అని నా పేణం తీసావు కదా!"

"సెప్తే నువ్వింకా బయపడతావు, మిషనే వద్దంటావు అనుకున్నాను."

అనేదాన్నే.  ఇంటికొచ్చి చూస్తే, పాక తలుపు వెనక మేకుకి నేను కట్టిన నూలు దారాలన్నీ వేలాడుతున్నాయి. ఒక్కటీ తెంపలేదు, ఓపిగ్గా ముళ్లు విప్పి తగిలించాడు.

"అదే ఆ పచ్చ మిషన్ అయ్యుంటే?" అన్నాను.

గోపి కాలిన బెల్టుని ఎడమచేత్తో తడిమాడు. "దీన్ని మార్చాల" అన్నాడు.

కట్టు విప్పి, చెయ్యి మళ్లీ పనికొచ్చిన రోజున మా నాన్న వచ్చి అదే అరుగుమీద కూర్చున్నాడు. బుష్షు ఇంకా చక్‌లోనే ఉంది, సగం నునుపుగా, సగం గరుగ్గా. గోపి పచ్చ బటన్ వైపు చెయ్యి చాపాడు.

"ఆగు" అన్నాను. "సేతులు సూపించు."

బడిపిల్లాడిలా రెండు చేతులూ చాపాడు. మణికట్లు తడిమాను. పెళ్లి ఉంగరం తీశాను. చొక్కా చేతులు పైకి మడిచాను. మెళ్లో తాయెత్తు లోపలికి తొయ్యబోయాడు, అదీ తీయించాను. అన్నీ ఆ దారాల పక్కనే మేకుకి తగిలించాను.

గుమ్మంలోంచి మా అత్త చూస్తోంది. "రక్ష కూడా నేకుండానేటే? ఒట్టి సేతుల్తోనా?"

"ఒట్టి సేతుల్తోనే అత్తా" అన్నాను. 

నా గాజులు కూడా తీసి మేకుకి పెట్టి, కొంగు బిగించి దోపుకుని, పచ్చ బటన్ నేనే నొక్కాను. కొత్త బెల్టు మెత్తగా మూలిగింది. గోపి నా వైపు చూసి తల ఊపి, ఎమరీ గుడ్డ తీసుకున్నాడు. నేను చెక్క అవతలికి వెళ్లలేదు. బుష్షు మొత్తం అద్దంలా మెరిసేదాకా, ఎర్ర బటన్ పక్కన వేలు పెట్టుకుని నిలబడే ఉన్నాను.