జూలైలో కొన్న గీజర్

జనవరి ఏడు, ఇవాన్ పండుగ. కొత్త దంపతుల మీద పెళ్ళిపెద్ద చన్నీళ్ళు కుమ్మరించే రోజు. మా పెళ్ళిపెద్ద నైదెన్ బాబాయ్ ఒక్క బకెట్‌తో ఆగే రకం కాదు. నా మొగుడు లుబెన్ నాకు అడ్డంగా నిలబడ్డాడు కానీ రెండో బకెట్ వెనక నుంచి వచ్చింది. సోఫియా నగరం చలిలో వణుకుతూ కూడా నవ్వాపుకోలేకపోయాం. చేతులు పట్టుకుని ఇంటికి పరుగెత్తాం.

ఇంట్లో అత్తయ్య అప్పుడే బనిత్సా ఓవెన్‌లో పెట్టారు. ఆ వేడివేడి చీజు పొరల రొట్టె అంటే బాబాయ్‌కి ప్రాణం. గంటలో భోజనానికి వస్తారు. ఈలోగా నేను తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకోవాలి.

మాది ట్యాంకు లేని గీజర్. గోడకు పుస్తకమంత తెల్ల డబ్బా. పెళ్ళయ్యాక మేం కొన్న మొదటి వస్తువు. ట్యాంకుదే పెట్టించుకోమని అత్తయ్య ఎంత చెప్పినా నేనే పట్టుబట్టాను. జూలైలో నీళ్ళు చురుక్కుమంటుంటే తెగ మురిసిపోయాను. నవంబర్ నుంచి గోరువెచ్చన. ఆ సంగతి అత్తయ్య చెవిన పడకుండా ఇద్దరం నెట్టుకొస్తున్నాం.

షాంపూ రుద్దుకుని కుళాయి తిప్పాను. పైపులో నీళ్ళే మంచులా వస్తుంటే ఆ డబ్బా మాత్రం ఎంతని కాచగలదు? పూర్తిగా తిప్పితే చన్నీళ్ళు. తగ్గిస్తే వేడిగానే వస్తాయి, కానీ దారంలా. ఒక చెవి వెచ్చబడేసరికి రెండోది బిగుసుకుపోయింది. ఇంకాస్త తగ్గించాను. ధార మరీ సన్నబడేసరికి డబ్బా టక్కున ఆగిపోయింది.

"లుబెన్!" తలుపు సందులోంచి గుసగుసగా పిలిచాను. "చచ్చిపోతున్నా, ఏదో ఒకటి చెయ్యి."

"కెటిల్ పెడతానుండు."

నేను మళ్ళీ కుళాయి తిప్పాను. లుబెన్ కెటిల్ స్విచ్ నొక్కాడు. ఓవెన్, గీజర్, కెటిల్ మూడూ ఒకేసారి నడిచేసరికి ఇల్లంతా కరెంటు పోయింది.

"ఒరేయ్, నా బనిత్సా!" వంటింట్లోంచి అత్తయ్య కేక. "ఏం వేశావురా?"

"కెటిల్, అమ్మా."

"గీజర్ ఉండగా కెటిల్ దేనికిరా?"

నా పళ్ళు టకటకలాడుతున్నాయి, కళ్ళలో షాంపూ. ఒళ్ళు మండిపోయింది.

"అత్తయ్యా, ఓవెన్ వేసుకోండి, కెటిల్ కూడా వేసుకోండి!" గట్టిగా అరిచేశాను. "ఈ దిక్కుమాలిన డబ్బాని మాత్రం ఆపెయ్యండి. రెండు నెలల నుంచి దీంతో వేగలేక చస్తున్నాం!"

కాసేపటికి కరెంటు వచ్చింది. పది నిమిషాలయ్యాక అత్తయ్య గిన్నెడు వేడినీళ్ళతో తలుపు తోసుకుని వచ్చారు.

"వంగు అమ్మాయ్. రెండు నెలలా?"

"ఊఁ."

"మొండిఘటానివి. సోమవారం ట్యాంకు చూసొద్దాం."

"సరే" అన్నాను, ఇంత నురగ మింగి. "కాస్త మెడ మీద కూడా పొయ్యండి."