నా వేషం వేసినవాళ్ళు

నేను ఒక వీడియో గేమ్‌ని. టీవీకి తగిలించేది కాదు, రెండు చేతుల్లో పట్టుకుని ఆడేది. బూడిదరంగు ఒళ్ళు, పచ్చటి తెర, ఎడమవైపు నాలుగు దిక్కులకూ నొక్కగలిగే బటన్, కుడివైపు రెండు గుండ్రటి బటన్లు, వీపులో నాలుగు పెన్సిల్ సెల్సు. ఆత్మకథ చెప్పుకునేంత ఆత్మ నాలో ఉందా అని మీకు అనుమానం రావచ్చు. ఆ అనుమానం నాకూ ఉంది. కాకపోతే ఈ మధ్య మా ఇంట్లో నా కళ్ళెదుటే నాకు నకళ్ళను వెతికి, ఒక్కొక్కదానికీ పరీక్ష పెట్టి, ఒకదాన్ని ఎంచుకున్నారు. అంత జరిగాక ఎవరికైనా నాలుగు మాటలు మాట్లాడాలనిపిస్తుంది.

నేను పుట్టింది సముద్రానికి అవతల, ఒక ఫ్యాక్టరీలో. జుట్టు కనబడకుండా టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని నాకు స్క్రూలు బిగించారు. వాళ్ళలో ఒక్కరూ నా మొహం చూడలేదు. పని చేస్తున్నానా లేదా అని మాత్రం ఒకామె నొక్కి చూసి, అట్టపెట్టెలో పడేసింది. నాకేమీ బాధ కలగలేదు. మొదటినుంచీ నాది మొద్దు ఒళ్ళే.

నన్ను కొన్నవాడు ఓడలో వంటవాడు. ఆ ఓడ విశాఖపట్నం హార్బర్‌లో సరుకు దించుతుండగా, క్రేన్ నడిపే పైడిరాజు క్యారియర్‌లోంచి ఆ వంటవాడు ఒక ఆవకాయ ముక్క రుచి చూశాడు. అంతే, అతని మతి పోయింది. మర్నాడు పైడిరాజు ఇంటినుంచి ఒక సీసాడు ఆవకాయ పట్టుకెళ్ళి ఇచ్చి, బదులుగా నన్ను తెచ్చుకున్నాడు. మనుషుల్లో ఎవరెవరో వజ్రాలకూ రాజ్యాలకూ చేతులు మారి ఉంటారు. నేను మామిడికాయ ముక్కలకు మారాను.

"ఏడాది పచ్చడి ఇచ్చీసి ఈ డబ్బీ తెచ్చినావా? కూడెడతాదేటి ఇది?" అంది అతని భార్య నూకరత్నం. పైడిరాజు వినిపించుకోలేదు. అప్పటికే అతని రెండు బొటనవేళ్ళూ నా మీద ఉన్నాయి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నా కాపురం క్రేన్ క్యాబిన్‌లో. లారీలు వరసకట్టేదాకా, ఓడలో సరుకు గది మూత తెరిచేదాకా క్రేన్ ఆపరేటర్‌కి ఎదురుచూపే పని. ఆ ఖాళీలో అతను నన్ను తీసేవాడు. నాతో వచ్చిన క్యాసెట్ ఒక్కటే, అందులో ఆటా ఒక్కటే. ఒక చిన్న పడవ ఉంటుంది. ఎదురుగా అలలొస్తాయి. అల వచ్చిన క్షణంలో కుడి బొటనవేలితో నొక్కితే పడవ ఎగురుతుంది, ఆలస్యమైతే మునుగుతుంది. చివర ఒక లైట్‌హౌస్ ఉందని క్యాసెట్ మీద బొమ్మ ఉంది. పేరేమో మాకు రాని భాషలో ఉంది కాబట్టి పైడిరాజు దానికి పడవాట అని పేరు పెట్టుకున్నాడు. అద్దంలోంచి కిందికి చూస్తే నిజం సముద్రం, నిజం ఓడలు. ఇతనేమో నా పచ్చతెర మీద గోరంత పడవను కాపాడుకుంటూ చెమటలు కక్కేవాడు. లైట్‌హౌస్ దాకా మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. మునిగిన ప్రతిసారీ నాలోంచి జారుడుగా ఒక చిన్న బాణీ వినిపించేది. అతను నన్ను తిట్టి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. కొత్త ఒక వింత, పాత ఒక రోత. నన్ను బీరువాలో పాత చీరల కింద, కలరా ఉండల పక్కన పెట్టారు. అక్కడ ఎన్నాళ్ళున్నానో నాకు తెలియదు. సెల్సు లేనివాళ్ళకు కాలం ఉండదు.

ఒక రోజు నూకరత్నం బీరువా తలుపు తెరిచి నన్ను బయటికి తీసింది. పైడిరాజుకు పక్షవాతం వచ్చి అప్పటికి కొన్ని నెలలైంది. కుడి చేతికీ కుడి కాలికీ పట్టు తప్పింది. కాలికి కొంత పట్టు తిరిగి వచ్చింది గానీ కుడి చేతి వేళ్ళకు స్పర్శ రాలేదు. మాట పూర్తిగా పోలేదని డాక్టర్లే చెప్పారట. కానీ అతను మాట్లాడడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. ఫిజియోథెరపీ అబ్బాయి చెయ్యి ఎత్తితే ఎత్తనిస్తాడు, వదిలితే పడనిస్తాడు. టీవీ పెట్టినా ఒకటే, కట్టేసినా ఒకటే. ఇంట్లోవాళ్ళు ఏడవడం మొదట్లోనే అయిపోయింది. ఇప్పుడు వాళ్ళూ అతనిలాగే పళ్ళెం పెట్టడం, తీయడం, దుప్పటి మార్చడం చేస్తున్నారు. ఆ ఇంట్లో నాకంటే మొద్దుగా అయిపోయిన మనుషులను చూడటం నాకు వింతగా ఉంది.

"రోగం కంటే ఇదే బయ్యవే నాకు," అంది నూకరత్నం కూతురు ఝాన్సీతో. "ఏదీ ఒద్దనడు, ఏదీ కావాలనడు. ఇలగే కూకుని ఎలిపోతాడేటో."

ఝాన్సీ స్కూల్లో లెక్కల టీచరు. నాన్నకు ఏదో ఒకదాని మీద ఆశ పుట్టాలి, అది పుడితే చెయ్యి సంగతి తర్వాత చూసుకోవచ్చు అని ఆమె లెక్క. ఆ లెక్కలోంచే నేను బయటికి వచ్చాను.

నాలో కొత్త సెల్సు వేసి అతని చేతుల్లో పెట్టారు. వెలిగాను. పచ్చటి తెర మీద నిలువునా కొన్ని గీతలు చచ్చిపోయాయి, అయినా పడవ కనబడింది. పైడిరాజు ఎడమ చెయ్యి నన్ను గుర్తుపట్టి తన చోటు తాను వెతుక్కుంది. కుడి బొటనవేలు మాత్రం బటన్ మీద ఉందో పక్కన ఉందో అతనికే తెలియలేదు. పైగా లోపలి రబ్బరు గట్టిపడి నా బటన్లు మొండికేశాయి. మొదటి అలకే మునిగాం. రెండోసారి నేను అతని కుడి చేతిలోంచి జారి నేల మీద పడ్డాను. వీపు మూత చీలింది. అతను కిందికి వంగి చూడలేదు. పడింది నేనే అయినా, ఆ చూడకపోవడమే నాకు ఎక్కువ దెబ్బ.

"ఇది కాదులే అమ్మా. ఫోన్‌లో ఎమ్యులేటర్ ఏస్తాను," అంది ఝాన్సీ.

"అంటే ఏటే?"

"దీనిలాగ నటించే సాఫ్ట్‌వేర్. ఫోన్ తన్ని తాను ఇదే అనుకుంటాది. ఇందులో ఆట అందులో ఆడతాది."

"పగటేసగాడన్నమాట."

"ఆఁ, అలాటిదే."

జగదాంబ సెంటర్ దగ్గర ఒక రిపేరు కొట్టులో నా క్యాసెట్‌లోని ఆటను ఫోన్‌లోకి ఎత్తించుకొచ్చింది. ఇక వేషగాళ్ళు రావడం మొదలైంది. సెలవు రోజుల్లో పొద్దున్నే, పైడిరాజు కుర్చీ ముందు చిన్న టేబుల్ వేసి ఒక్కొక్కరినీ ఎక్కించేవారు. నన్ను ఆ టేబుల్ మీదే ఒక మూల పెట్టారు, పోల్చి చూడటానికి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఒక్కొక్కటీ నా మొహం తగిలించుకుని వచ్చింది. అన్నీ ఓడిపోవాలని మనసారా కోరుకున్నాను. అవి ఓడిపోతే ఆ కుర్చీలో మనిషి ఏమవుతాడన్నది నాకు అప్పుడు తట్టలేదు.

మొదటిది ఉచితంగా వచ్చింది. పడవ మునిగిన ప్రతిసారీ ప్రకటన వేసింది. పేకాట ఆడమంటుంది, అప్పు తీసుకోమంటుంది. పైడిరాజు పడవను ఎలా చూశాడో అప్పు ఇస్తామన్న అమ్మాయినీ అలాగే చూశాడు. ఝాన్సీకి ఒళ్ళు మండి దాన్ని తీసేసింది.

రెండోది పెద్దమనిషి. నా బాణీని నాకంటే శుభ్రంగా పాడింది, నా తెరలో చచ్చిన గీతలు దాని తెరలో లేవు. పడవకు రంగులు కూడా అద్దింది, అడక్కపోయినా. ఇక నా పనైపోయిందనుకున్నాను. కానీ ఎగిరే బటన్‌ను అద్దానికి కుడివైపు గీసి పెట్టింది, అక్కడినుంచి కదలనివ్వదు. స్పర్శ లేని వేలికి అద్దం మీద గీసిన బటన్ ఎలా తెలుస్తుంది? నాకైనా అంచులున్నాయి. నూకరత్నం తన చేత్తో అతని బొటనవేలు పట్టుకుని నొక్కించింది. ఆమె నొక్కితే పడవ ఎగిరింది, అంతే. కాసేపటికి ఆమే అలిసిపోయి వేలు వదిలేసింది. నాకు సంతోషం వేసింది, దాచుకోవడం ఎందుకు.

మూడోదాని దగ్గర లేని హంగు లేదు. బటన్లను ఎక్కడికంటే అక్కడికి లాగిపెట్టుకోవచ్చు. ఝాన్సీ అన్నిటినీ ఎడమ చేతి కిందికి తెచ్చింది. ఆట వేగం సగానికి తగ్గించవచ్చు. అన్నిటికీ మించి, వెనక్కి తిప్పే బటన్ ఒకటుంది. పడవ మునగగానే అది నొక్కితే కాలం వెనక్కి నడిచి పడవ మళ్ళీ నీటి పైకి వస్తుంది. ఇంట్లో వాళ్ళకు నిజంగా కావలసింది ఆ బటనే. నూకరత్నం అతని పక్కనే కూర్చుని, మునిగినప్పుడల్లా ఆ బటన్ నొక్కి, అతని వేలు పట్టుకుని అల దాటించేది. అలా పడవ మునిగిన ప్రతిసారీ పైకి లేస్తూ, ఒక్క పూటలో లైట్‌హౌస్ చేరిపోయింది.

ఎన్నో ఏళ్ళు క్రేన్ మీద కూర్చుని చేరలేని లైట్‌హౌస్. గంటలు మోగాయి, తెర నిండా నక్షత్రాలు రాలాయి. నూకరత్నం చప్పట్లు కొట్టింది. పైడిరాజు ఆ నక్షత్రాలను కాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత నాలుగైదు రోజులు ఫోన్ ముందు పెట్టినా వేలు ఎత్తలేదు.

నేను గెలిచానని అనుకోవాలి. అనుకోలేకపోయాను. టేబుల్ మూలనుంచి అతని మొహం చూస్తుంటే, అసలుకూ నకలుకూ ఇక్కడ ఎవరికీ పట్టింపు లేదని మొదటిసారి అర్థమైంది. నాలోనూ ఏదో ఆరిపోయినట్టుగా ఉంది.

తర్వాతి సెలవు రోజున ఝాన్సీ నాలుగోదాన్ని తెచ్చింది. చూడటానికి పేదది. రంగులు లేవు, వేగం మార్చలేదు, వెనక్కి తిప్పలేదు. బటన్లను మాత్రం ఎక్కడికైనా జరుపుకోవచ్చు. తల్లీకూతుళ్ళకు అక్కడే పేచీ వచ్చింది.

"ఆ మూడోదే బాగుందే. ములిగిపోతే పైకి లేపుకోవచ్చు," అంది నూకరత్నం.

"నువ్వు లేపేవు. నాన్న ఏటి సేసాడమ్మా అందులో?"

"మరి ఈ సేత్తో ఓడిపోడేటి? ఓడిపోతంటే నాను సూణ్ణేను. అన్నీ పోగొట్టుకుని కూకున్నాడు, ఆటలో కూడా ముంచీమంటావా?"

"క్రేన్‌లో ఉన్నప్పుడు నాన్న లివర్ మీద ఇంకొకలు సెయ్యేస్తే ఊరుకునీవోడా?"

నూకరత్నం కొంగుతో టేబుల్ తుడిచింది, తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"అసలు ఆడకపోతే?" అంది చివరికి.

"ఆడకపోతే ఇంక నా దగ్గర ఏటీ లేదమ్మా. ఇదే ఆఖరు," అంది ఝాన్సీ. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడుపు లేకపోవడమే నాకు భయం కలిగించింది.

ఫోన్‌ను నిలబెట్టడానికి ఏదైనా కావాలి. ఒక చేత్తో ఆడేవాడు ఫోన్ పట్టుకోలేడు కదా. ఝాన్సీ చుట్టూ చూసి నన్ను తీసుకుంది. ఒట్టిగా తేలిగ్గా ఉన్నానని, బరువు కోసం నాలో పాడైపోయిన సెల్సు వేసి, చీలిన మూతకు రబ్బరు బ్యాండు చుట్టి, ఫోన్ వెనక నిలబెట్టింది. నా వేషం వేసుకున్నదానికి నేను ఊతం. మనుషులు ఇలాంటివి తెలిసి చేయరు, అందుకే వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం కూడా కుదరదు. అక్కడినుంచి నాకు తెర కనబడదు. ఫోన్ పై అంచు మీదుగా పైడిరాజు మొహం కనబడుతుంది.

ఝాన్సీ అతని ఎడమ చెయ్యి తెచ్చి టేబుల్ మీద పెట్టి లేచి నిలబడింది. ఆట మొదలైన బాణీ వినిపించింది. అతను కదల్లేదు. అల వచ్చింది, పడవ మునిగింది. ఎవరూ దాన్ని పైకి లేపలేదు. ఆట మళ్ళీ మొదలైంది, మళ్ళీ మునిగింది. నూకరత్నం గుమ్మం దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడోసారి మునిగినప్పుడు నా ఒంటికి ఫోన్ కొంచెం ఒత్తుకుంది. అతని వేలు నొక్కింది. ఆలస్యంగా నొక్కింది గానీ, నొక్కింది.

తర్వాత చాలాసేపు మునగడమే. మొదటి అల దాటితే రెండో అల ముంచింది. ఎడమ చేతికి కొత్త పని, కంటికీ వేలికీ మధ్య పొత్తు కుదరడం లేదు. పైడిరాజు కనుబొమలు దగ్గరికి వచ్చాయి. పెదవి ఎడమ కొస బిగిసింది. అది కోపం. నెలల తరబడి ఖాళీగా ఉన్న మొహంలో కోపం ఎక్కడినుంచి వచ్చిందో, వచ్చి కూర్చుంది. నూకరత్నం తట్టుకోలేక దగ్గరికి వచ్చి, సాయం చేద్దామని తెర మీదికి చెయ్యి చాపింది.

పైడిరాజు ఆ చేతిని పక్కకు తోశాడు.

"ఒగ్గు," అన్నాడు.

మాట ముద్దగా వచ్చింది. అయినా అందరికీ తెలిసింది. నూకరత్నం తోసేసిన చేతిని అలాగే గాలిలో ఉంచి, కూతురివైపు తిరిగింది.

"నన్ను కసిరీసినాడే," అంది. ఆ మాట రెండుసార్లు అంది. ఝాన్సీ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుని, అప్పుడు ఏడ్చింది.

పైడిరాజుకు వాళ్ళ గొడవ పట్టలేదు. ఫోన్ దూరంగా ఉందనిపించిందేమో, ఎడమ చేత్తో దాన్ని తనవైపు లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది పోవడంతో నేను బోర్లా పడి, టేబుల్ అంచునుంచి జారి కుర్చీ కిందికి వెళ్ళాను. రబ్బరు బ్యాండు తెగింది, చచ్చిన సెల్సు దొర్లాయి. అతను నాకోసం చూడలేదు. నాకేమీ అనిపించలేదని చెప్పాలని ఉంది. కానీ అనిపించింది. ఇన్నేళ్ళకు నాకూ ఏదో అనిపించింది, అదీ నా అవసరం తీరిపోయిన రోజున.

సాయంత్రం ఊడుస్తూ నూకరత్నం నన్ను చూసింది. తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, ఎక్కడ పెట్టాలా అని గదంతా చూసింది. ఇంతలో అతని ఒళ్ళోంచి మునిగిన బాణీ వినిపించింది, వెంటనే ఆట మొదలైన బాణీ. ఆమె చీపురు గోడకు ఆనించి, గుమ్మంలోనే నిలబడి అతన్నే చూస్తూ ఉండిపోయింది. నేను ఆమె చేతిలోనే ఉన్నాను. ఆ చేతిలో ఏదో ఉందన్న సంగతి ఆమెకు గుర్తు లేదు.